తమ్ముడూ, వడ్డీ సంగతి తర్వాత చూద్దాం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

వచ్చే ఏడాది రిటైరయ్యాక చేతికొచ్చే పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు ఎక్కడ పెడితే వడ్డీ ఎక్కువొస్తుందని మొన్న ఫోన్లో అడిగావు. చెప్తాను గానీ, దాన్ని చివర్లో పెట్టుకుందాం. ఉద్యోగమంతా బ్యాంకు కౌంటర్ లోపలి వైపు కూర్చుని గడిపినదాన్ని. అర శాతం వడ్డీ తగ్గి వీధిన పడ్డవాళ్లు నాకెవరూ తగల్లేదు. ఇంటాయన మంచాన పడ్డాకో, పోయాకో సొంత డబ్బు కోసం కాళ్లరిగేలా తిరిగిన ఆడవాళ్లు మాత్రం చాలామంది తగిలారు. కాబట్టి నీ ప్రతి ఖాతా ముందూ ఒకసారి ఆగి, నేను లేకుండా మా ఆవిడ ఒక్కతే వెళ్లి ఈ డబ్బు తెచ్చుకోగలదా అని ఆలోచించు. తెచ్చుకోలేదు అనిపిస్తే అక్కడ సర్దాల్సింది ఏదో ఉన్నట్టే.

ముందు ఖాతాల లెక్క తీయి. మొదటి ఉద్యోగంలో జీతం ఖాతా, రెండో ఉద్యోగంలో ఇంకోటి, ఇంటి లోను కోసం తెరిపించింది, పిల్లాడి చదువు లోనుకు తెరిచింది... అన్నీ నీకే గుర్తుండవు. జీతం పడటం ఆగితే జీతం ఖాతా మామూలు సేవింగ్స్ ఖాతా అయిపోతుంది, కొన్ని బ్యాంకుల్లో మినిమం బ్యాలెన్స్ లేదని కోతలు మొదలవుతాయి. రెండేళ్లపాటు నువ్వు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతాను ఇనాపరేటివ్, అంటే వాడకంలో లేనిది, అని పక్కన పెడతారు. పదేళ్లు దాటితే అందులో డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్లిపోతుంది. పోయినట్టు కాదులే, బ్యాంకుకు వెళ్లి అడిగితే వెనక్కిస్తారు. అలాంటివి వెతుక్కోవడానికే 2023లో రిజర్వ్ బ్యాంకు ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టింది. నాన్న పేరు కూడా ఒకసారి కొట్టి చూడు. ఆయన ఎక్కడెక్కడ ఏం దాచారో ఎవరికి తెలుసు!

నీకు రెండు ఖాతాలు చాలు. ఇంటి ఖర్చుకు ఒకటి, దాచుకోవడానికి ఒకటి. మిగతావి మూసేయ్, కానీ తొందరపడకు. ముందు ఏడాది స్టేట్‌మెంట్ తీయించు. అందులోంచి ఏ ప్రీమియం కట్ అవుతోంది, ఏ మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలనెలా కట్టే వాయిదా) పోతోంది, గ్యాస్ సబ్సిడీ ఎందులో పడుతోంది, ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్‌కు ఏ ఖాతా ఇచ్చావు, ఇవన్నీ చూసుకో. ఏడాదికోసారి పోయే ప్రీమియం మూడు నెలల స్టేట్‌మెంట్‌లో కనపడకపోవచ్చు. అది చూసుకోకుండా ఖాతా మూసేస్తే, పాలసీ ల్యాప్స్ అయిన సంగతి అవసరం పడ్డ రోజున గానీ తెలియదు.

ఇక ఎఫ్‌డీలు. "అన్నీ ఇద్దరి పేరు మీదే ఉన్నాయిగా అక్కా" అంటావని తెలుసు. ఒకావిడ గుర్తొస్తుంది నాకు. భర్త ఐసీయూలో ఉన్నాడు. ఇద్దరి పేరున్న ఎఫ్‌డీ బాండు కౌంటర్ మీద పెట్టి, 'ఎయిదర్ ఆర్ సర్వైవర్' అన్న చోట వేలు పెట్టి చూపించింది. ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చని ఇందులోనే ఉంది కదండీ అంది. గడువు తీరాకైతే ఆవిడ మాట అక్షరాలా నిజం. గడువుకు ముందే తీయాలంటే మాత్రం ఇద్దరి సంతకాలూ అడుగుతారు. ఆ బాండుకు ఇంకా ఎనిమిది నెలలుంది, ఆయనకేమో స్పృహ లేదు. మేనేజరు రూల్స్ పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రానికి వాళ్లబ్బాయి బయట వడ్డీకి డబ్బు తెచ్చాడు.

ఇద్దరిలో ఒకరు పోయినా ఇదే చిక్కు. గడువు లోపల తీయాలంటే పోయినవాళ్ల వారసులందరి ఒప్పుదలా కావాలి. దీన్ని తప్పించుకోవడానికి ఒక చిన్న కాగితం ఉంది. మాలో ఒకరు పోతే మిగిలినవారు గడువుకు ముందే తీసుకోవచ్చు అని ఇద్దరూ కలిసి ముందే రాసివ్వాలి. ఎఫ్‌డీ వేసేటప్పుడే ఇవ్వొచ్చు, తర్వాతయినా ఇవ్వొచ్చు. ఈ కాగితం సంగతి నువ్వడగనిదే ఎవరూ చెప్పరు. ఆసుపత్రి అవసరానికి మాత్రం ఇదొక్కటే చాలదు. నాలుగైదు నెలల ఖర్చుకు సరిపడా జాయింట్ సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మరదలి ఒక్కదాని పేరు మీద కూడా ఒక ఎఫ్‌డీ వేయి. నీ డబ్బుతో వేస్తే ఆ వడ్డీని నీ ఆదాయంలోనే చూపించాలి. ఆ పన్నుకు భయపడి మానేయకు.

మొత్తమంతా ఒకే ఎఫ్‌డీగా వేసే అలవాటు కూడా మానుకో. పది లక్షలది ఒకటి బదులు రెండేసి లక్షలవి అయిదు వేస్తే, అవసరమొచ్చినప్పుడు ఒకటి విరగ్గొడితే సరిపోతుంది. మిగతా వాటి వడ్డీ జోలికి ఎవరూ రారు.

నామినీ ఉన్నారా అని అడిగితే చాలామంది ఉన్నారని ధీమాగా చెప్తారు. తీరా చూస్తే పెళ్లికి ముందు రాసిన అమ్మ పేరో, నాన్న పేరో ఉంటుంది. నీ పీఎఫ్‌లో ఎవరి పేరుందో చూశావా? జాయింట్ ఖాతా అయితే ఇద్దరూ పోయాకే నామినీ వంతు, అందుకని అక్కడ పిల్లల పేర్లు రాయండి. 2025 నవంబర్ 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే మనిషే తప్ప, దానికి సొంతదారు కాదు. హక్కు వారసులదే. అందుకే వీలునామా రాసి పెట్టుకో. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. రిజిస్టర్ చేయిస్తే తర్వాత గొడవలు తక్కువ. వీలునామా మాటెత్తితే అశుభం అంటుంది మరదలు. అననీ.

నీ సంతకం సంగతి వేరే చెప్పాలి. ఇరవై ఏళ్ల వయసులో ఆ తోకలూ సున్నాలూ పెట్టి మహా సరదాగా చేశావు గానీ, డెబ్భైలో చెయ్యి వణికితే అది నీకే కుదరదు. ఇప్పుడే తేలికైన సంతకం ఒకటి అలవాటు చేసుకుని అన్నిచోట్లా మార్పించు. ఫోన్ నంబరు కూడా అంతే. కంపెనీ ఇచ్చిన సిమ్ బ్యాంకుకు ఇచ్చి ఉంటే, రిటైరైన నాడే ఓటీపీలు ఆగిపోతాయి.

పీఎఫ్ డబ్బు ఖాతాలో పడగానే బ్యాంకు నుంచి ఫోనొస్తుంది. ఏసీ గదిలో కూర్చోబెడతారు, కాఫీ ఇస్తారు. "ఇది కూడా డిపాజిట్ లాంటిదే సార్, ఇంకా మంచి రిటర్న్స్" అంటారు. ఆ కుర్రాళ్లను తిట్టుకోకు, వాళ్ల మెడ మీద టార్గెట్లు ఎలా వేలాడతాయో నాకు తెలుసు. కానీ సంతకం పెట్టే ముందు ఒక్క మాట అడుగు. "నాకు ఎఫ్‌డీ రసీదు ఇస్తారా, పాలసీ బాండు ఇస్తారా?" పాలసీ అన్నారంటే అది ఇన్సూరెన్స్. ఎఫ్‌డీ వేద్దామని వెళ్లి, ఏటా ప్రీమియం కట్టాల్సిన పాలసీ పట్టుకుని ఇంటికొచ్చిన రిటైర్డ్ వాళ్లు ఎంతమందో. అది యూలిప్, అంటే కట్టిన డబ్బులో కొంత మార్కెట్లో పెట్టే ఇన్సూరెన్స్ పాలసీ, అయితే అయిదేళ్లు డబ్బు బయటికి రాదు. ఒకవేళ తీసుకున్నా, పాలసీ కాగితాలు చేతికందిన 30 రోజుల్లోపు నచ్చలేదని తిరిగిచ్చేయొచ్చు, చిన్నచిన్న ఖర్చులు పట్టుకుని మిగతాది వెనక్కిస్తారు. బ్యాంకు మీద ఫిర్యాదు ఉంటే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఇవ్వు. 30 రోజుల్లో తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చడానికే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ అనే అధికారి ఉన్నాడు, పైసా ఖర్చు లేదు.

ష్యూరిటీ సంతకాలు ఇక వద్దు. లోనుకైనా, చిట్టీకైనా. తీసుకున్నవాడు కట్టకపోతే హామీదారు బాధ్యత కూడా వాడితో సమానమని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టమే చెప్తోంది. జీతం ఆగిపోయాక ఆ బరువు ఎక్కడ మోస్తావు? అక్క ఒప్పుకోవట్లేదని నా మీద తోసేయ్, నాకేం పర్లేదు.

మోసాల గురించి రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నావు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. ఖర్మకాలి డబ్బు పోతే సిగ్గుపడి ఆలస్యం చేయకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఆ నంబరు మరదలి ఫోన్లో కూడా సేవ్ చేయి.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తాను. ఒక మనిషికి ఒక బ్యాంకులో, బ్రాంచీలన్నీ కలిపి, అసలూ వడ్డీ కలుపుకుని 5 లక్షల వరకే డిపాజిట్ ఇన్సూరెన్స్, అంటే బ్యాంకు మునిగితే దక్కే హామీ. అందుకే పెద్ద మొత్తం ఒకేచోట పెట్టకు. వీధి చివర సొసైటీవాళ్లు ఒక శాతం ఎక్కువిస్తామన్నా వెళ్లకు, అలాంటి సొసైటీలకు ఆ ఇన్సూరెన్స్ కూడా ఉండదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీముకు అరవై నిండాలనుకుంటున్నావేమో, పదవీ విరమణ చేసినవాళ్లకు 55 నుంచే వీలుంది. కాకపోతే డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు చేరాలి. 30 లక్షలు మించకూడదు, నీకొచ్చిన రిటైర్మెంట్ డబ్బునూ మించకూడదు. 2023 ఏప్రిల్‌లో దాని రేటు 8.2 శాతం చేశారు. మూడు నెలలకోసారి సమీక్షిస్తారు గానీ, నువ్వు చేరిన రోజున్న రేటే అయిదేళ్లూ నడుస్తుంది. వడ్డీ మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. మిగిలింది ఎఫ్‌డీ వేసేటప్పుడు అయిదేళ్లకు వేయకు, నీ అరవయ్యో పుట్టినరోజు దాటేదాకానే వేయి. ఆ తర్వాత సీనియర్ రేటుకు మార్చుకుంటే సాధారణంగా ఇంకో అర శాతం కలిసొస్తుంది. నువ్వు మొదట అడిగిన అర శాతం అదే!

నెలాఖరుకు వస్తున్నాను. పాస్‌బుక్కులు, ఎఫ్‌డీ బాండ్లు, పాత పాలసీలు అన్నీ ఒక సంచిలో వేసి ఉంచు. ఇద్దరి పాన్, ఆధార్ జిరాక్సులు కూడా తీయించు. మరదలు కూడా కూర్చుంటేనే మొదలుపెడతాను. వంటపని ఉందంటే ఆ పూట నువ్వే చేయి.

ప్రేమతో,
అక్క