జర్మనీ ల్యూజ్ క్రీడాకారిణి నటాలీ గైసెన్‌బెర్గర్‌కు అంత పేరు ఎందుకు వచ్చింది?

ల్యూజ్‌లో చిన్న స్లెడ్జ్ మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాచి, మంచు గొట్టంలాంటి దారిలో గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో జారాలి. సమయాన్ని సెకనులో వెయ్యో వంతు వరకు కొలుస్తారు. ఒలింపిక్స్ సింగిల్స్‌లో నాలుగు పరుగుల సమయాన్ని కలిపి విజేతను తేలుస్తారు కాబట్టి ఒక్క పరుగు బాగా వస్తే సరిపోదు.

1988లో మ్యూనిక్‌లో పుట్టిన నటాలీ 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆ తర్వాత 2014 సోచి, 2018 ప్యాంగ్‌చాంగ్, 2022 బీజింగ్ మూడింటిలోనూ సింగిల్స్ స్వర్ణం ఆమెదే. ప్రతిసారీ టీమ్ రిలే స్వర్ణం కూడా దక్కింది. మొత్తం ఆరు స్వర్ణాలు, ఒక కాంస్యం. సోచిలో రెండో స్థానంలో నిలిచిన సహచరి తాత్యానా హ్యూఫ్నర్‌పై తేడా సెకనుకు మించే ఉంది. వెయ్యో వంతులతో ఫలితాలు తేలే ఆటలో అది అసాధారణం!

జర్మనీలో మంచి ట్రాకులు, బలమైన శిక్షణ వ్యవస్థ ఉన్న మాట నిజమే. కానీ సోచిలోనూ బీజింగ్‌లోనూ సింగిల్స్‌లో ఆమె వెనుక నిలిచి రజతం గెలిచింది జర్మన్లే. అంటే అదే వ్యవస్థలో పెరిగినవారినీ ఆమె దాటింది.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆమె తిరిగి రావడం. వరుసగా ఏడు ప్రపంచ కప్ ఓవరాల్ టైటిళ్లు గెలిచాక 2019-20 సీజన్‌కు గర్భం కారణంగా దూరమైంది. 2020 మే నెలలో బిడ్డను కని, ఆ వెంటనే వచ్చిన సీజన్‌లోనే ఎనిమిదో టైటిల్ గెలిచింది. బీజింగ్ స్వర్ణాలు రెండూ తల్లి అయ్యాక సాధించినవే.