తాతయ్య మాట కోసం న్యూరాలజిస్టే కావాలా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఇంటర్ రెండో ఏడాది బైపీసీ చదువుతున్నాను. నిరుడు తాతయ్యకు పక్షవాతం వచ్చింది. పసరు వైద్యానికి తీసుకెళ్లడంతో ఒక రోజు గడిచిపోయింది. ఇప్పుడు ఆయనకు కుడి చేయి ఆడదు, మాట రాదు. మంచినీళ్లు కావాలన్నా అడగలేక కన్నీళ్లు పెట్టుకుంటారు. కానీ నా చిన్నప్పుడు ఆయన నేర్పిన పద్యం నేను మొదలుపెడితే, తర్వాతి పాదం రాగంతో తనే అందుకుంటారు. నేను మెదడు, నరాల జబ్బులు చూసే న్యూరాలజిస్టును కావాలనుకుంటున్నాను. నీట్‌లో ర్యాంకు రాకపోతే ఎన్నేళ్లయినా లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పిస్తానంటున్నారు నాన్న. అలా చేయవచ్చా?

జవాబు: అమ్మా, పద్యం గురించి నువ్వు రాసిన మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇలాంటిది చూసినప్పుడు చాలా ఇళ్లలో ‘పద్యం వస్తుంది గానీ మాట రాదా’ అని పెద్దవాళ్లను కసురుకుంటారు. నువ్వు కసురుకోలేదు, గమనించావు.

ఎక్కువమందిలో మాటకు సంబంధించిన కేంద్రాలు మెదడు ఎడమ భాగంలో ఉంటాయి. శరీరం కుడివైపును నడిపేదీ ఆ భాగమే. అందుకే తాతయ్యకు చేయి, మాట ఒకేసారి పోయాయి. ఇలా మాట పోవడాన్ని అఫేసియా అంటారు. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1861లో మాట పోయిన ఒక రోగి మెదడును అతని మరణానంతరం పరీక్షించి, దెబ్బతిన్న చోటును చూపించాడు. రాగం, కంఠతా వచ్చిన పాదాలు ఆ ఒక్క చోటు మీదే ఆధారపడవు. స్పీచ్ థెరపిస్టులు మిగిలిన ఆ రాగాన్నే పట్టుకుంటారు. ‘నీళ్లు కావాలి’ అన్న మాటను ముందు పాడించి, ఎడమ చేత్తో తాళం వేయించి, మెల్లగా మామూలు మాటలోకి దించుతారు. ఏడాది దాటింది కదా అని ఆశ వదులుకోకండి. ముందు ఆయనను స్పీచ్ థెరపిస్టుకు చూపించండి.

ఇక చదువు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. తర్వాత ఎండీ మూడేళ్లు, ఆపైన న్యూరాలజీలో ప్రత్యేక చదువైన డీఎం మరో మూడేళ్లు. ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రవేశ పరీక్ష ఉంటుంది. అన్నీ తొలిసారే దాటినా ముప్పై ఏళ్లు దగ్గరపడతాయి. ఆ శ్రమకు తగిన పనే అది. సరైన మందులు సరిగ్గా వాడితే మూర్ఛ రోగుల్లో దాదాపు 70 శాతం మంది ఫిట్స్ లేకుండా బతకవచ్చు. రక్తనాళం పూడుకుని వచ్చిన పక్షవాతమైతే, నాలుగున్నర గంటల లోపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌తో కొందరిని కాపాడవచ్చు. మీ ఊరి నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ చేరడానికే దాదాపు రెండు గంటలు పడుతుందని గుర్తుంచుకుంటే, పసరుకు పోయిన రోజు విలువ తెలుస్తుంది. మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా వెంటనే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలని మీ వీధిలో అందరికీ చెప్పు.

అయితే న్యూరాలజిస్టు ఒక్కో రోగితో గడిపేది కాసేపే. రోగి పక్కన నెలల తరబడి కూర్చునేది ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు. పక్షవాతం తర్వాత మింగడం కష్టమై అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదాన్ని చూసుకునేదీ, వణుకుతో కదలికలు మందగించే పార్కిన్సన్స్ జబ్బులో సన్నగిల్లే గొంతుకు బలమిచ్చేదీ స్పీచ్ థెరపిస్టే. ఈ చదువు పేరు బీఏఎస్‌ఎల్‌పీ, ఇంటర్న్‌షిప్‌తో నాలుగేళ్లు. మైసూరులో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో ప్రవేశ పరీక్ష రాసి చేరవచ్చు. తెలుగు పలుకుబడి తెలిసిన థెరపిస్టు తెలుగు రోగికి ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఫిజియోథెరపీ కోర్సుల కోసం విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రకటనలు చూడు. నియమాలు మారుతుంటాయి కనుక ఏ ఏడాదిది ఆ ఏడాదే చదవాలి. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ వంటి పరీక్షలు చేసే టెక్నీషియన్ చదువులూ ఉన్నాయి గానీ, మనుషులతో మాట్లాడాలనే నీ స్వభావానికి అవి సరిపోవనిపిస్తోంది.

నాన్నగారికి నా మాటగా చెప్పు: నీట్ ఈ ఏడాది ఒకసారి, అవసరమైతే మరొక్కసారి. ‘ఎన్నేళ్లయినా’ అనడం ప్రేమే కానీ, ఆ ఏళ్లు గడిచేది నీ వయసులోంచి. మైసూరు పరీక్షకు ఈ ఏడాదే దరఖాస్తు పెట్టు.

ఈ లోగా ఒక నోటు పుస్తకం తీసుకుని తాతయ్య పలికిన ప్రతి మాటా తేదీతో రాయి. ఏ మాట దగ్గర ఆగారో, నువ్వు మొదటి అక్షరం అందిస్తే పలికారో లేదో కూడా రాసి, స్పీచ్ థెరపిస్టుకు చూపించు. వాళ్లు అనుమతిస్తే రెండు మూడు రోజులు పక్కన కూర్చుని పని చూడు. ఆ తర్వాత నాకు మళ్లీ ఉత్తరం రాయి. తాతయ్య అందుకునే పద్యం ఏదో ఈసారి చెప్పలేదు, అదీ రాయి.