పాఠకుల ప్రశ్నలు: హువాస్కర్ యుద్ధనౌక

ప్రశ్న: పెరూ దేశపు ఇనుప కవచ నౌక హువాస్కర్ 1877లో రెండు బ్రిటిష్ నౌకల కాల్పులను తట్టుకుంది. అదే నౌక 1879లో పెరూ-చిలీ యుద్ధంలో గంటన్నరలో చిలీకి చిక్కింది. కవచం మారలేదు కదా, మరి ఎందుకిలా?

జవాబు: కవచం మారలేదు. నడుమ భాగంలో నీటిమట్టం దగ్గర నాలుగున్నర అంగుళాలు, టరెట్‌కు (ఫిరంగులుండే, తిరిగే గదికి) ఐదున్నర. మారింది ఎదుటి పక్షం. 1877 మే 29న పెరూలో తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న హువాస్కర్‌ను షా, అమెథిస్ట్ అనే బ్రిటిష్ నౌకలు ఎదుర్కొన్నాయి. వాటికి కవచమే లేదు, అందుకే దగ్గరకు వెళ్లలేదు. అరవైకి పైగా గుండ్లు తగిలినా, కవచాన్ని చీల్చింది ఒక్క 9 అంగుళాల గుండే. షా ఒక వైట్‌హెడ్ టార్పెడోను (నీటిలో తనంతట తానే దూసుకెళ్లే రకం) కూడా వదిలింది. యుద్ధంలో అలాంటి టార్పెడోను వాడటం అదే మొదటిసారి. దాని వేగం తక్కువ కాబట్టి హువాస్కర్ తప్పించుకుంది.

1879 అక్టోబర్ 8న అంగామోస్ దగ్గర ఎదురైన చిలీ నౌకలు కొక్రేన్, బ్లాంకో ఎన్‌కలాడాలకు 9 అంగుళాల కవచం, అంతే వ్యాసమున్న ఫిరంగులు, మొన గట్టిపరచిన పాలిసర్ గుండ్లు ఉన్నాయి. పైగా అవి దగ్గరకొచ్చి కొట్టాయి. కాల్పులు మొదలైన కొద్దిసేపటికే హువాస్కర్ కమాండర్ మిగెల్ గ్రావు నిలబడిన కన్నింగ్ టవర్ (నౌకను నడిపించే కవచపు గది) మీద ఒక గుండు పేలి ఆయన చనిపోయారు. చుక్కానిని నడిపే ఏర్పాట్లు దెబ్బతిని నౌక దారి తప్పింది. టరెట్‌ను కూడా గుండ్లు చీల్చాయి. ఎలియాస్ అగిర్రే, మెలిటాన్ రోడ్రిగెస్ వరుసగా పగ్గాలు అందుకుని వరుసగా ప్రాణాలొదిలారు. తర్వాత బాధ్యత తీసుకున్న పెద్రో గారెసోన్ నౌకను ముంచేయమని ఆజ్ఞాపించాడు. కవాటాలు తెరిచారు. నీరు నిండకముందే చిలీ నావికులు ఎక్కి వాటిని మూయించారు. లేకుంటే ఈ నౌక ఇవాళ సముద్రం అడుగున ఉండేది.

ప్రశ్న: ఫిరంగులుండగా ఇకికే రేవులో చిలీ నౌక ఎస్మెరాల్డాను హువాస్కర్ ముక్కుతో ఎందుకు గుద్దారు?

జవాబు: ఆ ఫిరంగులను గురిపెట్టడమే పెద్ద పని. రెండు 10 అంగుళాల ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులూ ఒకే టరెట్‌లో ఉండేవి. దాన్ని ఆవిరి తిప్పదు, పదహారు మంది చేతులతో తిప్పాలి. ఒక పూర్తి చుట్టుకు పదిహేను నిమిషాలు. ఫిరంగుల నోటినుంచే మందు కూరాలి కాబట్టి కాల్పులూ నెమ్మదే. గన్నర్లకు సాధన చాలక 1879 మే 21న గంటలకొద్దీ పేల్చినా దెబ్బలు సరిగా పడలేదు. పైగా ఎస్మెరాల్డా తీరానికి ఆనుకుని నిలిచింది, గురి తప్పితే గుండ్లు పెరూ వాళ్ల సొంత ఊరిమీదే పడతాయి. అందుకే గ్రావు మూడుసార్లు గుద్దించాడు. మూడో దెబ్బకు ఆ చెక్క నౌక మునిగింది. మొదటి దెబ్బకే దాని కెప్టెన్ అర్తూరో ప్రాత్ హువాస్కర్ డెక్ మీదకు దూకి అక్కడే మరణించాడు. ప్రాణాలతో నీళ్లలో ఉన్న చిలీ నావికులను గ్రావు పైకి తీయించాడు, ప్రాత్ వస్తువులను ఆయన భార్యకు పంపించాడు. ఇరు దేశాలూ ఈ ఇద్దరినీ గౌరవించడానికి కారణం ఇదే.

ప్రశ్న: అది ఇప్పుడెక్కడుంది?

జవాబు: చిలీలోని తాల్కావానో రేవులో, నీటిమీదే. బర్కెన్‌హెడ్‌లో లేర్డ్ సోదరుల యార్డులో 1865లో జలప్రవేశం చేసిన ఈ నౌక చిలీ తరఫున కూడా పోరాడింది. 1880 ఫిబ్రవరిలో అరికా ఎదుట మాన్యుయెల్ థామ్సన్ దీని మీదే చనిపోయాడు. 1897లో బాయిలర్ పేలాక సేవ నుంచి తప్పించారు. తర్వాత కొంతకాలం జలాంతర్గాములకు సహాయ నౌకగా ఉంది. 1950ల మొదట్లో పునరుద్ధరించి మ్యూజియం చేశారు. వెళితే ముందు టరెట్, కన్నింగ్ టవర్ చూడండి. ప్రాత్, గ్రావు, థామ్సన్ ముగ్గురూ పడిపోయిన చోట్లను గుర్తుపెట్టి ఉంచారు.