ఆరో తరగతికి లక్ష రూపాయలా, ఊళ్లో హైస్కూలా?

ప్రశ్న: మాది తెనాలి పక్కన ఒక ఊరు. మావారికి నెలకు 42 వేల జీతం. నేను ఇంట్లో బట్టలు కుట్టి పదివేల దాకా సంపాదిస్తాను. పాప ఐదో తరగతి, బాబు రెండో తరగతి పూర్తి చేస్తున్నారు. ఇద్దరూ పక్క ఊళ్లో చిన్న ప్రైవేటు స్కూలుకి వెళ్తున్నారు. అక్కడ ఐదు వరకే ఉంది. పాపను తెనాలిలో ఫౌండేషన్ కోర్సు (ఐఐటీ పరీక్షకు ముందునుంచే ఇచ్చే శిక్షణ) ఉన్న పెద్ద స్కూల్లో వేద్దామని మావారు, ఊళ్లో జడ్పీ హైస్కూలు ఉందిగా, అక్కడ చదివితే ట్రిపుల్ ఐటీ సీటుకు మార్కులు కలుస్తాయి అని మా అన్నయ్య. కిందటి జూన్‌లో ఫీజులకు నా గాజులు తాకట్టు పెట్టి 80 వేలు తెచ్చాం, ఇంకా 50 వేలు బాకీ. అప్పు చేసైనా ప్రైవేటులోనే చదివించాలా? సర్కారు బడికి పంపితే పాప వెనకబడిపోతుందా? తల్లికి వందనం డబ్బు, ఫీజుల మీద పన్ను మినహాయింపు మాకు వస్తాయా?

జవాబు: మీరు పంపిన లెక్కల కాగితం చూశాను. పాపకు పెద్ద స్కూల్లో ఫీజు 72 వేలు. పుస్తకాలు, నోట్‌బుక్కులు 9,500. యూనిఫాం, బూట్లు 5,500. వ్యాను పది నెలలకు 14 వేలు. పరీక్షలు, ఇతర ఫీజులు 4 వేలు. మొత్తం 1,05,000. బాబుకు ఇప్పుడున్న చిన్న స్కూల్లో అన్నీ కలిపి 54 వేలు. ఇద్దరికీ 1,59,000 అంటే మీ ఇంటి ఏడాది ఆదాయం 6,24,000లో పావు వంతు.

పావు వంతే కదా, ఎలాగో సర్దుకుంటాం అనిపిస్తుంది. కానీ ఫీజు మొదటి ఏడాది చెప్పిన చోట ఆగదు. ఏటా 10 శాతం పెరుగుతుందనుకుంటే పాప పదో తరగతి అయ్యేసరికి ఐదేళ్లకు దాదాపు 6 లక్షల 40 వేలు అవుతుంది. పాప తొమ్మిదికి వచ్చిన ఏడాదే బాబు ఆరుకు వస్తాడు. అక్కకి పెద్ద స్కూలు, వాడికి చిన్నదా అనే మాట ఇంట్లో తప్పకుండా వస్తుంది. వాడినీ అక్కడే వేస్తే ఆ ఒక్క ఏడాది ఇద్దరికీ కలిపి 2 లక్షల 80 వేలు కట్టాలి. మీ ఆదాయం ఏటా 5 శాతం పెరిగినా అది 39 శాతం దగ్గర తేలుతుంది. ఇక ఇంటర్‌కి, ఆ తర్వాత డిగ్రీకో ఇంజనీరింగ్‌కో ఏం మిగులుతుంది? అసలు పెద్ద ఖర్చు అక్కడే మొదలవుతుంది. ఆరో తరగతి నుంచే గాజులు తాకట్టు పెడుతూ వస్తే ఆ రోజుకు తాకట్టు పెట్టడానికి కూడా ఏమీ ఉండదు. నాకు భయమేసేది ఇక్కడే.

మీలాంటి ఆదాయంలో ఇద్దరు పిల్లల బడి ఖర్చు మొత్తం 15 శాతం లోపు ఉండాలనేది నా పద్ధతి. అంటే నెలకు 7,800, ఏడాదికి 93,600.

పిల్ల వెనకబడిపోతుందా అన్న మీ రెండో ప్రశ్న డబ్బు కంటే పెద్దది. దానికి మన రాష్ట్రం నుంచే మంచి ఆధారం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 180 గ్రామాల్లో ఒక అధ్యయనం చేశారు. సర్కారు బడి పిల్లల్లో కొందరిని లాటరీ తీసి, ఫీజు తామే కట్టి ప్రైవేటు బడుల్లో చదివించారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో రెండు వైపుల పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పేవారే కాదు. లాటరీ వల్ల రెండు వైపులా ఒకే రకం కుటుంబాల పిల్లలే ఉన్నారు కాబట్టి ఈ పోలికకు బలం ఉంది. మామూలుగా మనకు ప్రైవేటు పిల్లలు ముందున్నట్టు కనిపించడంలో ఇంటి చదువు, ఇంటి ఆదాయం పాత్ర చాలా ఉంటుంది. అయితే అవి పల్లెల్లోని చిన్న ప్రైవేటు బడులు, ప్రాథమిక తరగతులు. తెనాలిలోని పెద్ద స్కూలుకు ఆ ఫలితాన్ని యథాతథంగా అంటగట్టను. ఫీజు ఎక్కువ కాబట్టి చదువు ఎక్కువ అన్న నమ్మకాన్ని మాత్రం పక్కన పెట్టమంటాను.

అందుకే నా సలహా: పాపను జడ్పీ హైస్కూల్లో చేర్చండి. బాబును ఐదో తరగతి వరకు ఇప్పుడున్న చోటే ఉంచండి.

ఆడపిల్లకు సర్కారు బడి, మగపిల్లాడికి ప్రైవేటు బడా అని మీకు చివుక్కుమంటుంది. అనిపించాలి కూడా, ఎన్నో ఇళ్లలో జరుగుతున్న అన్యాయం అదే. ఇక్కడ కారణం వేరు. సర్కారు ప్రాథమిక బడుల్లో చాలాచోట్ల ఐదు తరగతులకు ఒకరో ఇద్దరో టీచర్లు ఉంటారు. హైస్కూల్లో లెక్కలకు, ఇంగ్లిషుకు, సైన్సుకు వేర్వేరు స్కూల్ అసిస్టెంట్లు, అంటే సబ్జెక్టు టీచర్లు ఉంటారు. ఎక్కువమంది బీఈడీ చేసి, డీఎస్సీ అనే టీచర్ల నియామక పరీక్షలో పోటీపడి వచ్చినవాళ్లు. ఈ మధ్య చేరినవాళ్లైతే టెట్ అనే అర్హత పరీక్ష కూడా పాసైనవాళ్లు. 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు ప్రకటించారు కాబట్టి చాలా బడులకు కొత్త టీచర్లు వచ్చారు. బాబు కూడా ఆరుకు వచ్చాక ఇదే హైస్కూలుకు వెళ్లాలి. ఆ మాట ఇప్పుడే ఇంట్లో అందరి ముందూ అనుకోండి. మిగిలే డబ్బు ముందు పాప చదువుకే వెళ్లాలి.

చేర్చే ముందు బడి మాత్రం చూడాలి. ఒక పనిదినం ఉదయం ఇద్దరూ వెళ్లండి. ప్రార్థన అయ్యాక ఎన్ని తరగతుల్లో టీచర్ ఉన్నారో చూడండి. లెక్కల పోస్టు, ఇంగ్లిషు పోస్టు ఖాళీగా ఉన్నాయా అని హెడ్‌మాస్టరుగారిని అడగండి. ఎనిమిదో తరగతి పిల్లల లెక్కల నోట్‌బుక్కులు రెండు మూడు చూపించమనండి. మొన్నటి వారం లెక్కల మీద ఎర్ర పెన్నుతో దిద్దిన గుర్తులు ఉన్నాయా, తప్పు చేసిన లెక్క కింద మళ్లీ చేయించారా అన్నది చూడండి. మొదటి పేజీల్లో టిక్కులుండి తర్వాత ఏమీ లేకపోతే జాగ్రత్తపడండి. ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయో లేదో మీరే లోపలికి వెళ్లి చూడండి. మొహమాటం వద్దు. లెక్కల టీచర్ లేరని తేలితే నా సలహా మారుతుంది. అప్పుడు ఫౌండేషన్ లేని, 35 వేల లోపు ఫీజున్న మామూలు ప్రైవేటు హైస్కూలు వెతకండి. ఆరో తరగతి పిల్లకు ఐఐటీ ఫౌండేషన్ కోసం అదనంగా కట్టడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. ఆ వయసులో భిన్నాలు, దశాంశాలు గట్టిగా వస్తే చాలు.

హైస్కూల్లో చేరితే పాపకు ఏడాదికి 25 వేలు పక్కన పెట్టమంటాను. ఇందులో సాయంత్రం ట్యూషన్‌కు 12 వేలు, మిగతాది ఇంగ్లిషు కథల పుస్తకాలకు, సైకిలుకు, చిల్లర ఖర్చులకు. ప్రైవేటుతో పోలిస్తే ఇంగ్లిషు మాట్లాడే అలవాటులో వెలితి ఉండొచ్చు. దాన్ని ఇంట్లో రోజూ అరగంట చదివించి పూడ్చాలి. యూనిఫాం, బూట్లు, బ్యాగు, పాఠ్యపుస్తకాలు ప్రభుత్వమే ఇస్తుంది, మధ్యాహ్న భోజనం ఉంటుంది.

అంటే ఏడాదికి 80 వేలు మిగులుతాయి. మొదటి ఏడాది అందులో 50 వేలతో తాకట్టు విడిపించండి. ఆ బాకీ మీద రూపాయి వడ్డీ చొప్పున ఏటా 6 వేలు పోతోంది. మిగిలిన 30 వేలు అత్యవసరానికి బ్యాంకులో ఉంచండి. రెండో ఏడాది నుంచి నెలకు 6,500 రికరింగ్ డిపాజిట్‌లోకి, జీతం పడిన మర్నాడే ఆటోమేటిగ్గా వెళ్లేలా పెట్టండి. ఆరున్నర శాతం వడ్డీ వచ్చినా నాలుగేళ్లకు మూడున్నర లక్షలు అవుతుంది. సరిగ్గా పాప ఇంటర్‌కి వెళ్లే సమయం అది. త్వరలో వాడాల్సిన ఈ డబ్బును షేర్లలో పెట్టకండి. పాపకు పదేళ్లు దాటాయి కాబట్టి సుకన్య సమృద్ధి ఖాతా ఇప్పుడు తెరవడం కుదరదు.

మీరు అడిగిన చిన్న సందేహాలు. తల్లికి వందనం (బడికెళ్లే పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయం) డబ్బు లెక్కలో వేసుకోకండి. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10 వేలు దాటితే అర్హత ఉండదు. పైగా ఆ పథకం ప్రైవేటు పిల్లలకూ వర్తిస్తుంది కాబట్టి ఈ పోలికను మార్చదు. స్కూలు ట్యూషన్ ఫీజుకు ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. మీవారి జీతానికి కొత్త విధానంలో పన్నే పడదు, అందువల్ల ఆ లాభం మీకు సున్నా.

మీ అన్నయ్యగారు చెప్పిన ట్రిపుల్ ఐటీ మాట నిజమే. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపసుల్లో పదో తరగతి మార్కులతోనే సీటు ఇస్తారు. ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడుల్లో చదివినవారికి 4 శాతం మార్కులు కలుపుతారు. సీటు వస్తే ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు ఒకేచోట. దాన్ని నమ్ముకుని పొదుపు మానకండి, కానీ ఆ 4 శాతం లక్ష ఫీజు కట్టినవాళ్లకు రాదు. బాబుకు నవోదయ (కేంద్ర ప్రభుత్వ రెసిడెన్షియల్ బడి) ప్రవేశ పరీక్ష ఐదో తరగతిలో రాయించండి. 3, 4, 5 తరగతులు పల్లెలోని బడిలో చదివితేనే గ్రామీణ కోటా వర్తిస్తుంది. అందుకని ఆ మూడేళ్లూ వాడిని తెనాలి స్కూలుకు మార్చొద్దు.

పాత స్కూల్లో ఫీజు బాకీ ఉందని టీసీ ఆపితే కంగారుపడకండి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోవడం ఆపకూడదని విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ చెబుతోంది. ఆధార్, పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఐదో తరగతి మార్కుల కాగితం తీసుకుని జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే హెడ్‌మాస్టరుగారిని కలవండి.