గండుచీమల రాణి చచ్చిపోతే ఆ డబ్బాలో కొత్త రాణిని వదలొచ్చా?

గుణుపూర్ నుంచి అడిగిన తమ్ముడికి. నువ్వు పెంచుతున్న నల్ల గండుచీమల రాణి చచ్చిపోయిందని, పనిచీమలు మాత్రం చాలానే మిగిలాయని, మొన్నటి వానకి వీధి దీపం కింద దొరికిన కొత్త రాణిని వాటిలో వదలొచ్చా అని అడిగావు. దయచేసి వదలకు, చంపేస్తాయి. చీమలకి రాణిని ఇవ్వడం కాదు, రాణికే ప్యూపాలు, అంటే ఇంకా గుల్లలోనే ఉన్న చీమ పిల్లలు, ఇవ్వాలి. నేను చేసేది అదే.

మాది పర్లాకిమిడి. మా పెరట్లో వేపచెట్టు మొదట్లో ఈ గండుచీమలే ఉంటాయి. తొలకరి పడ్డాక ఎగిరి దిగిన రాణులు కొన్ని చోటు వెతుక్కుంటూ ఆ కన్నం దగ్గరికే వచ్చేస్తాయి. అదే జాతి, చూడ్డానికి లోపలున్న రాణికీ దీనికీ తేడా ఉండదు. అయినా పనిచీమలు మీసాలతో ఒక్కసారి తడిమి చూసి, కాళ్లు పట్టుకుని తలో వైపూ లాగేస్తాయి. చీమ ఒంటి మీద మైనంలాంటి పలుచని పూత ఉంటుంది. అందులోని హైడ్రోకార్బన్లనే రసాయనాల పాళ్లే ఆ కాలనీ వాసన. ఆ వాసన తేడా వస్తే రాణి అయినా శత్రువే. ఫ్రిజ్‌లో పెట్టి మత్తుగా ఉన్నప్పుడు కలిపితే ఒప్పుకుంటాయని కొందరు చెప్తారు. చలికి చీమ కదలిక తగ్గుతుందే గానీ వాసన మరిచిపోదు. వెచ్చబడగానే మొదలుపెడతాయి.

ప్యూపాల సంగతి వేరు. అందరూ చీమ గుడ్లు అనుకునే ఆ లేత గోధుమరంగు గింజలే ప్యూపాలు. వాటిలోంచి అప్పుడే బయటికొచ్చిన చీమకి సొంత వాసన ఇంకా పట్టి ఉండదు. ఏ రాణి దగ్గర కళ్లు తెరిస్తే ఆ రాణి వాసనే దానికి ఇల్లు. అందుకే కొత్త రాణిని ముందు వేరుగా టెస్ట్ ట్యూబ్‌లో పెట్టు. అడుగున నీళ్లు, దాని మీద గట్టిగా దూది, తర్వాత రాణి, మూతికి వదులుగా ఇంకో దూది. చీకట్లో పెట్టి, మాటిమాటికీ తీసి చూడకు. గండుచీమ రాణి తొలి పిల్లలు వచ్చేదాకా ఏమీ తినదు. ఎగరడానికి వాడిన కండరాలనే కరిగించుకుని బతుకుతుంది, పిల్లల్నీ సాకుతుంది.

అది గుడ్లు పెట్టాక పాత డబ్బాలోంచి నాలుగైదు ప్యూపాలను మెత్తని పెయింట్ బ్రష్‌తో తీసి ట్యూబ్‌లో వెయ్యి. ఒక కొసన నల్లటి చుక్క ఉన్నవి చూసి తియ్యి, అవి ముదిరినవి. వాటిని పట్టుకుని ఒక్క పెద్ద చీమ కూడా లోపలికి రాకూడదు. నేనైతే బ్రష్‌ని తెల్లకాగితం మీద దులిపి చూసుకున్నాకే వేస్తాను. రాణి వాటిని నోట కరుచుకుని తన గుడ్ల పక్కన పేర్చుకుంటుంది. టైమొచ్చినప్పుడు ప్యూపా గుల్ల చించి పిల్లను బయటికి తీసేది కూడా అదే. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. తొలి పనిచీమలు వచ్చాక తేనె నీళ్లు ఒక చుక్క, చిన్న పురుగు ముక్క ఇస్తే చాలు.

ఇక్కడ జాతి చాలా ముఖ్యం, ప్యూపాలదీ రాణిదీ ఒకటే అయ్యుండాలి. గండుచీమలన్నీ ఒకటి కావు. మన ఇళ్ల చుట్టూ ఎక్కువగా కనబడేది కాంపోనోటస్ కంప్రెసస్. పొట్ట మీద బంగారు నూగు మెరిసేది సెరిసియస్, అది వేరే. నీకు దొరికిన రాణి ఏదో ముందు సరిచూసుకో. రెక్కలు రాలిపోయి ఉంటే మంచిది, జత కట్టి ఉండే అవకాశం ఎక్కువ. జత కట్టని రాణి పెట్టే గుడ్లలోంచి మగచీమలే వస్తాయి, కాలనీ నిలవదు. అన్నట్టు అది ఉసిలి కాదు కదా? సన్నటి నడుము, వంగిన మీసాలు ఉంటేనే చీమ.

పాత రాణి నిజంగా చచ్చిపోయిందో లేదో కూడా ఇంకోసారి చూడు. దాని వాసన పోయేదాకా పనిచీమలు శవాన్ని కూడా నాకుతూ, చుట్టూ చేరి ఉంటాయి. చుట్టూ చీమలు మూగితే బతికుందనీ అనుకోకు, పక్కకి ఒరిగిందని చచ్చిందనీ అనుకోకు. కాళ్లు కదులుతున్నాయా లేదా అన్నదే గమనించు.

వంటింట్లో చక్కెర డబ్బా పట్టే సన్న చీమల్లో కొన్ని జాతులకి ఒక్క గూట్లోనే చాలా రాణులుంటాయి. ఎవరో ఆ చీమల్లో రాణిని కలిపి విజయం సాధించామని చెప్తే నిజమే అయ్యుండొచ్చు. గండుచీమలకి అది పనికిరాదు.

మిగిలిన పాత చీమల్ని పారెయ్యకు. రాణి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. పంచదార నీళ్లు పెడుతూ ఉండు. వాటి దగ్గరున్న లార్వాలను, అంటే పురుగుల్లాంటి పసి పిల్లల్ని, అవే పెంచుతాయి. ఆ లార్వాలు గుల్ల కట్టుకుని ప్యూపాలు అయినకొద్దీ కొత్త రాణికి అందించుకోవచ్చు.