మా అబ్బాయి బ్యాగులో ఆ పేపర్లు

(పాఠకుల ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులు రాస్తున్నది, మత్తు మాన్పించే కేంద్రంలో చాలా ఏళ్లు సోషల్ వర్కర్‌గా పనిచేసి రిటైరైన కౌన్సెలర్.)

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయికి 16 నిండాయి. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు బట్టలు ఉతుకుదామని బ్యాగు తీస్తే, పల్చటి కాగితాలున్న చిన్న ప్యాకెట్ కనబడింది. మీద ఓసీబీ అని ఉంది. మా చెల్లెలి కొడుకుని అడిగితే అవి గంజాయి చుట్టుకునే పేపర్లన్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వాడినేమీ అనకుండానే పంపించేశాను. నెలాఖరుకు ఔటింగ్‌కి వస్తాడు. మావారికి తెలిస్తే బెల్టు తీస్తారు. ఆయన శనివారం శనివారం స్నేహితులతో మేడ మీద కూర్చుంటారు, అది వేరే సంగతి. వాడికి తెలియకుండా యూరిన్ టెస్ట్ చేయించనా? నా తల మీద ఒట్టు వేయించుకోనా? కాలేజీ మార్పించనా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు వాడినేమీ అనకుండా పంపినందుకు బాధపడకండి. ఆ టెన్షన్లో మాట్లాడి ఉంటే ఏడుపులు, కేకలతో సరిపోయేది.

ఆ కాగితాలు కిళ్లీకొట్టులో దొరికేవే. పొగాకు చుట్టుకునేవాళ్లూ వాడతారు. స్నేహితుడెవడో దాచమని ఇచ్చి ఉండనూ వచ్చు. కానీ మన ఊళ్లలో పొగాకు సొంతంగా చుట్టుకునే కుర్రాళ్లు తక్కువ. అందుకని గంజాయేమోనన్న అనుమానంతోనే మొదలుపెట్టండి. అవునో కాదో మాత్రం వాడి నోటి నుంచే రానివ్వండి.

కరపత్రాల్లో ఉండే లక్షణాలన్నీ చదివి బెంబేలెత్తొద్దు. నిద్ర చాలకపోవడం, చిరాకు, అడిగినదానికి ముక్తసరిగా జవాబివ్వడం ఇంటర్ పిల్లలందరికీ ఉండేవే. తెల్లవారకముందే లేపి స్టడీ అవర్లో కూర్చోబెడితే ఎవరికుండవు! నేనైతే ఇంకొన్ని చూసేదాన్ని. కళ్లలో వేసుకునే చుక్కల సీసా బ్యాగులో ఎందుకుంది? (గంజాయి తాగితే కళ్లు ఎర్రబడతాయి, అది దాచడానికి.) సిగరెట్ ముట్టనన్నవాడి జేబులో లైటరెందుకు? మొన్నటిదాకా రోజూ చెప్పే స్నేహితుల పేర్లు మాటల్లోంచి ఎందుకు పోయాయి? ఫోన్‌పేలో ఒకే మనిషికి వందా రెండొందలూ మాటిమాటికీ ఎందుకు వెళ్తున్నాయి? వీటిలో రెండు మూడు ఒకేసారి కనబడితే ఇక ఆలస్యం చేయకూడదు.

ఈ వయసులో ఎందుకింత పట్టించుకోవాలంటే, ముందూ వెనకా చూసుకుని ఆగమని చెప్పే మెదడు ముందుభాగం 25 ఏళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. టీనేజ్‌లో గంజాయి మొదలుపెట్టిన వాళ్లలో సుమారు ఆరుగురికి ఒకరు దానికి బానిసవుతారు. పెద్దయ్యాక మొదలుపెట్టిన వాళ్లలో అంతమంది కారు. కొందరికి లేనిపోని అనుమానాలు, చెవుల్లో మాటలు వినబడటం మొదలవుతాయి. ఇంట్లో ఎవరికైనా అలాంటి మానసిక జబ్బుంటే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మీ ఇంట్లో గానీ, మీ పుట్టింట్లో గానీ అలాంటివాళ్లుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. పరువు పోతుందని దాచొద్దు.

ఒట్టు మాత్రం వద్దమ్మా. మన ఇళ్లలో అమ్మ తల మీద ఒట్టంటే మాటలు కాదు. ఆ క్షణంలో వాడు మనస్ఫూర్తిగానే వేస్తాడు. పది రోజులకు ఎవరో అందిస్తే ఒక దమ్ము లాగుతాడు. అప్పుడు గంజాయి తాగిన తప్పు మీద అమ్మ ప్రాణం తీశానన్న పాపం కూడా వచ్చి కూర్చుంటుంది. అంత మోసేవాడు మీ దగ్గరకొచ్చి ‘అమ్మా, మళ్లీ తాగాను’ అనగలడా? మా కేంద్రానికి వచ్చిన కుర్రాళ్లలో ఒట్టు తప్పినవాళ్లే అబద్ధాల్లో ఆరితేరి ఉండేవాళ్లు. నాకు వాళ్ల మీద కోపం వచ్చేది కాదు, ఒట్టు వేయించినవాళ్ల మీదే వచ్చేది.

దొంగచాటు టెస్ట్ కూడా వద్దు. ఎప్పుడో ఒకసారి తాగినవాడి మూత్రంలో దాని జాడ మూడు రోజులకే పోవచ్చు. రోజూ తాగేవాడికైతే నెల దాకా కనబడొచ్చు. కాబట్టి రిపోర్టులో లేదని వచ్చినంత మాత్రాన తాగలేదని కాదు. అమ్మ తనకు తెలియకుండా పరీక్ష చేయించిందని మాత్రం వాడికి ఎన్నాళ్లకైనా గుర్తుంటుంది. డాక్టరు అవసరమంటే వాడికి చెప్పి చేయించండి.

ఇక మీవారి సంగతి. వాడు రావడానికి ముందే ఆయనకు చెప్పండి. తర్వాత ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు మీరిద్దరూ కలిసి దాచారని రెట్టింపు కోపం. చెప్పేటప్పుడే ఒక మాట తీసుకోండి: వాడు నిజం చెబితే, నిజం చెప్పినందుకు దెబ్బ పడకూడదు. చేసిన పనికి ఫలితం వేరే ఉంటుంది. కొన్నాళ్లు చేతికి డబ్బులివ్వకుండా ఖర్చులు మీరే కట్టడం, ఔటింగ్‌కి ఎవరితో ఎక్కడికి వెళ్తున్నాడో ముందే చెప్పడం, వారానికోసారి వాళ్ల నాన్నతో ఫోన్లో మాట్లాడటం. ఆ ఫోన్లో మార్కుల మాట ఎత్తకూడదు. ఇది చిన్న షరతులా ఉంటుంది గానీ, ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా వీకెండ్ టెస్ట్ ర్యాంకే అడిగితే వాడు దాని గురించి తప్ప ఇంకేం చెప్తాడు?

శనివారాల మేడ వేరే సంగతని రాశారు. అది వేరే సంగతి కాదు. ఆయన్ని మానేయమని రాస్తే ఈ పేజీ చింపేస్తారు, కాబట్టి అంతదూరం పోను. ఒక్కటడుగుతాను. సోడాలు, ఐసు, మిక్చర్ పొట్లాలు తెచ్చేదెవరు? పొద్దున గ్లాసులు కిందికి తెచ్చేదెవరు? చాలా ఇళ్లలో ఆ పని కొడుకుదే. మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. మేడ మీద ఏ అంకులో సరదాగా ‘ఒక గుక్క రుచి చూడరా’ అన్నాడనుకోండి, డాక్టరు సలహా లేకుండా 18 ఏళ్లలోపు పిల్లలకు మత్తు ఇచ్చినవాళ్లకు 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. ఆ పనులన్నీ ఆయనే చేసుకోవాలి, వాడు ఇంట్లో ఉన్న శనివారం సిట్టింగ్ ఉండకూడదు. మందు గురించి వాడితో ఆయన మాట్లాడితే మంచిదే, తాగని రోజు మాట్లాడాలి.

వాడు వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి పంచాయితీ పెట్టకండి. స్టేషన్ నుంచి నడిచి వస్తూనో, ఇద్దరూ చిక్కుడుకాయలు ఒలుస్తూనో మొదలుపెట్టండి. కళ్లలోకి చూడక్కర్లేకపోతే మగపిల్లలు ఎక్కువ మాట్లాడతారు. ‘పండక్కి నీ బ్యాగులో పేపర్లు చూశాను. భయమేసింది. ఏంటో చెప్పు, కొట్టం’ అంటే చాలు. తర్వాత మీరు నోరు మెదపకూడదు, ఇదే కష్టం. వాడు మొదట ‘నావి కావు’ అంటాడు. ‘సరే, ఎవరివో చెప్పక్కర్లేదు. నువ్వు తాగావా?’ అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. ఆ రోజు చెప్పకపోయినా, చెప్పొచ్చని తెలిస్తే మళ్లీ ఒకరోజు వాడే మొదలుపెడతాడు.

ఒక విషయం మాత్రం ఆ రోజే గట్టిగా చెప్పండి. ఎవరు ఏ బ్యాగు ఇచ్చినా ఫలానా చోట ఇచ్చి రావడానికి ఒప్పుకోవద్దని. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల నుంచి మైదానానికి గంజాయి దించడానికి చదువుకునే పిల్లల్ని వాడుకోవడం మన దగ్గర జరుగుతున్నదే. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టంలో గంజాయి కిలో దాకా చిన్న పరిమాణం. 20 కిలోలు దాటితే పెద్దవాళ్లకు కనీసం పదేళ్ల జైలు. మైనర్ల కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది, కానీ కేసు కేసే. ‘నాకు తెలియదు, ఫ్రెండ్ ఇచ్చాడు’ అన్నంత మాత్రాన బయటపడలేరు. అదే చట్టంలో 64ఏ సెక్షన్ కూడా ఉంది: అలవాటుపడినవాళ్లు తమంతట తాము ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చి పూర్తి చేస్తే, తాగినందుకు, చిన్న పరిమాణం ఉన్నందుకు కేసు నుంచి రక్షణ దొరుకుతుంది. కేసవుతుందన్న భయంతో డాక్టరు దగ్గరకు వెళ్లకుండా ఆగిపోవద్దు.

కాలేజీ మార్చడం ఇప్పుడే వద్దు. గంజాయి ఏ కాలేజీ దగ్గరైనా దొరుకుతుంది. హాస్టల్లో ఉండలేకపోతున్నానని వాడే అంటే మాత్రం తీసుకొచ్చేయండి, తెనాలిలో కూడా ఇంటర్ చదవొచ్చు.

వాడు తాగుతున్నానంటే, మానలేకపోతున్నానంటే గుంటూరు ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. అంతకుముందు మీరే 14446కు ఫోన్ చేయొచ్చు, మత్తు అలవాట్లకు దేశమంతటా పనిచేసే ఉచిత నంబర్ అది. మనసు సమస్యలకు టెలీ మానస్ 14416. పిల్లల్ని గదిలో పడేసి గొలుసులు కట్టే కేంద్రాలు కూడా ఉన్నాయి. రిజిస్ట్రేషన్ చూపించనివాళ్లకు, మీ పిల్లాణ్ణి మీకు చూపించనివాళ్లకు రూపాయి కట్టకండి.

ప్రశ్న: మా ఇంట్లో పండుగలకు కల్లు ఉంటుంది. మా అమ్మ, ‘చెట్టు కల్లు, ఆరోగ్యానికి మంచిది, కొంచెం తాగితే ఏం కాదు’ అని మా 13 ఏళ్ల బాబుకు గ్లాసులో పోస్తుంది. వద్దంటే మా భార్య చెప్పించిందని అలుగుతుంది. ఎలా చెప్పాలె?
– ఒక తండ్రి, కామారెడ్డి

జవాబు: మీ అమ్మగారి చిన్నప్పటి కల్లు వేరు, ఇప్పుడు దుకాణంలో దొరికేది వేరు. ఆమెకు ఈ మాట మీ భార్య నోటి నుంచి కాకుండా మీ నోటి నుంచే పోవాలె. చెట్టు నుంచి దించిన తీపి నీరా కొన్ని గంటల్లోనే పులిసి మత్తెక్కుతుంది. అది నిజమైన కల్లే అనుకున్నా 13 ఏళ్ల పిల్లాడికి వద్దు. కల్తీ కల్లులో చెట్టు నీళ్లు కొంచెమే ఉంటాయి, మిగతాది నీళ్లు, శాకరిన్, అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్. నిద్రమాత్రలు, మత్తుమందులన్న మాట. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులే పోయారు. ఆ వార్త పేపర్లో వచ్చినప్పుడు అత్తలతో, అమ్మలతో మాట్లాడటానికి మాకు కొంచెం వీలైంది, అంతకుముందు వినేవాళ్లు కాదు.

అమ్మకు గౌరవం తగ్గకుండా చెప్పాలంటే, అమ్మవారికి సాక పోయనివ్వండి, పెద్దలు తాగితే తాగనివ్వండి, బాబు గ్లాసులో బెల్లం పానకం పోయమని ఆమెకే పని అప్పగించండి. మనవడికి తన చేత్తో ఏదో ఒకటి ఇవ్వాలన్నదే ఆమెకు ముఖ్యం. ఇంకో మాట. ఇంట్లో రోజూ కల్లు తాగేవాళ్లెవరైనా ఉంటే వాళ్లను ఒక్కసారిగా ఆపించకండి. మాత్రలు కలిసిన కల్లు హఠాత్తుగా ఆగితే ఫిట్స్ వస్తాయి, పిచ్చిగా మాట్లాడతారు. డాక్టరు దగ్గర మెల్లగా తగ్గించాలె.

ప్రశ్న: ఆంటీ, నేను టెన్త్. మా అన్నయ్య బాత్రూంలో వేప్ (ఈ-సిగరెట్) తాగుతున్నాడు. మామిడిపండు వాసన వస్తుంది. అమ్మకు చెప్తే నన్ను చాడీలకోరు అంటాడు. చెప్పనా?
– పేరు వద్దు, రాజమండ్రి

జవాబు: చెప్పు తల్లీ. ముందు వాడికే చెప్పు: ‘ఆదివారం లోపల నువ్వే అమ్మకు చెప్పు, లేకపోతే నేను చెప్తా’ అని. వాసన మామిడిపండుదే అయినా చాలా వేప్‌లలో నికోటిన్ ఉంటుంది, సిగరెట్‌లాగే అలవాటవుతుంది. 2019 నుంచి మన దేశంలో వాటిని అమ్మడమే నేరం, కాబట్టి అవి దొంగచాటుగా వచ్చినవి, లోపల ఏం నింపారో అమ్మినవాడికీ తెలియదు. ఆదివారం వచ్చినా వాడు చెప్పకపోతే అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు చెప్పు, నాన్న, బంధువులు ఉన్నప్పుడు కాదు. నీకు భయంగా ఉంటే పైన రాసిన 14416కు నువ్వే ఫోన్ చేయొచ్చు, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.