జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6) వీడియో గేమ్ మొదటి ట్రైలర్ పాట కథను ముందే చెప్పేస్తోందా?

2023 డిసెంబరులో వచ్చిన ఆ ట్రైలర్‌లో వినిపించేది అమెరికన్ రాక్ గాయకుడు టామ్ పెట్టీ 1989 నాటి పాట ‘లవ్ ఈజ్ ఎ లాంగ్ రోడ్’. కథంతా చెప్పదు గానీ, రెండు సంగతులు మాత్రం చెబుతుంది. ఒకటి చోటు: పెట్టీ పుట్టింది ఫ్లోరిడాలోని గేన్స్‌విల్‌లో, ఆటలోని కల్పిత రాష్ట్రం లియోనిడాకు మూలం ఆ ఫ్లోరిడానే. రెండోది జంట. ట్రైలర్ జైల్లో ఉన్న కథానాయిక లూసియాతో మొదలవుతుంది. చివర్లో ఆమె, ఆమె జోడీ జేసన్ ముఖాలకు గుడ్డలు కట్టుకుని దుకాణంలోకి దూసుకెళ్తారు. అంతకుముందు మాట్లాడుకునేది నమ్మకం గురించే. ప్రేమ దారి సుదీర్ఘమనే పల్లవి అక్కడ అతికినట్టు కుదిరింది.

చాలామంది బోల్తా పడేది పూర్తి సాహిత్యం వెతికి, ట్రైలర్‌లో వినిపించని చరణం నుంచి కూడా ‘ద్రోహం ఖాయం’ అని తేల్చేయడంలో. ఈ పాట ఆట కోసం రాసింది కాదు, హక్కులు కొని వాడుకున్నది. కాబట్టి వినిపించిన ముక్కల్నే లెక్కలోకి తీసుకోండి. ట్రైలర్‌ను ముందు మ్యూట్‌లో చూసి, తర్వాత పాటతో చూస్తూ, ఏ మాట ఏ షాట్ మీద పడిందో సెకన్లతో సహా రాసుకోండి. 2025 మే నాటి రెండో ట్రైలర్‌లోనూ పాయింటర్ సిస్టర్స్ అనే గాయనీ బృందం పాట ‘హాట్ టుగెదర్’ (1986) వాడారు. మళ్లీ ఎనభైల పాటే, మళ్లీ జంట ఊసే. ఒక్క పంక్తి కంటే ఇలా తిరిగొచ్చే పోలికే గట్టి ఆధారం.